సారు కళ్ళలో పచ్చ

మొన్న మంగళవారం పొద్దున షట్టర్ ఎత్తి ఊడుస్తుంటే డ్రాయింగ్ సారు భార్య వచ్చి మెట్ల మీద నిలబడింది. సారు పోయి ఆ రోజుకి ఆరో రోజు. ఆదివారం పెద్దకర్మ, దానికి పెద్ద ఫోటో కావాలని వచ్చింది. మార్కాపురంలో ఎవరింట్లో కర్మ జరిగినా ఫోటో చాలావరకు నా స్టూడియో నుంచే పోతుంది కాబట్టి నేను కూడా అలవాటుగా, ఏ ఫోటో పెట్టమంటావక్కా అని అడిగాను.

"ఎండాకాలంలో నువ్వు తీసినావు చూడు తమ్ముడా, అదే పెట్టు. దాంట్లో కళ్ళు తెల్లగా, కళగా ఉండాయి. అది చూసినాకనే నాకు అనుమానం పోయింది," అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను భుజాలు కాదు, ఒళ్ళంతా తడుముకున్నాను. ఏం అనుమానమో అడక్కుండానే, శనివారానికి కట్టి పెడతానని చెప్పి పంపించేశాను. ఆవిడ సందు తిరగగానే కుర్చీలో కూలబడ్డాను. చేతిలో చీపురు అట్లాగే ఉంది.

సంగతి ముందే చెప్పేస్తాను. దాచి దాచి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు. ఆ రోజు సారు కళ్ళు తెల్లగా లేవు. పచ్చగా ఉన్నాయి. కంప్యూటర్లో వాటిని తెల్లగా చేసింది నేనే. ఆయన్ని తీసుకుపోయింది ఆ పచ్చే. కాలేయం దగ్గర ఏదో గడ్డట. రెండు నెలల ముందు తెచ్చి ఉంటే ఏదో ఒకటి చూసేవాళ్ళమని ఒంగోలులో డాక్టర్లు అన్నారట. దిద్దిన ఫోటో, దిద్దని ఫోటో రెండూ నా కంప్యూటర్లో పక్కపక్కనే ఉన్నాయి. దిద్దింది కట్టి ఇస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఆ ఇంటి గోడ మీద నా అబద్ధం అట్లా చూస్తూనే ఉంటుంది. దిద్దనిది ఇస్తే ఆవిడ ఒక్క చూపులో కనిపెడుతుంది. ఏది కట్టాలో ఆ మంగళవారం నాకు తేలలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఊళ్ళో సగం మందికి అదెవరో తెలియదు, డ్రాయింగ్ సారంటేనే తెలుస్తుంది. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ఆయన చొక్కా ఎప్పుడూ మడత నలగకుండా ఉండేది, కానీ చేతులు పైకి మడిస్తే లోపలివైపు అన్ని రంగులూ కనిపించేవి. పని చేసేటప్పుడు చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు మరి. ఒకసారి తిరగేసిన చొక్కాతోనే బడికి పోతే పిల్లలంతా నవ్వారట. ఈయన చొక్కా విప్పి, సరిగా తొడుక్కుని, "ఇప్పుడు గీయండి, ఇంతకుముందు గుండీలు ఏ పక్కనుండె?" అని అడిగాడట. ఒక్కరూ చెప్పలేకపోయారు.

కొత్తవాళ్ళు కనపడితే నమస్కారం కంటే ముందు గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పేవాడు. బ్యాంకు మేనేజరుని కూడా తిప్పాడు. తిప్పి, ఎడమ చెవి అరంగుళం కిందికుంది మీకు అన్నాడు. అరవబోయిన మేనేజరు ఆగిపోయి అద్దం ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. నేను అక్కడే క్యూలో ఉన్నాను. నవ్వుకున్నాను కానీ నా వంతు రాకుండా తల దించేశాను.

ఊరికి ఆయన తెలిసింది నల్లసిరా గీతలతోనే. పలకల పెట్టెల మీద లేబుళ్ళుంటాయే, రెండు జడలేసుకున్న పాప పలక పట్టుకుని నవ్వుతూ, ఆ పాప ఆయన గీతే. వాచకాలకి కుందేలు, తాబేలు. శుభలేఖలకి పల్లకీ. ఇంటర్ పిల్లల రికార్డు పుస్తకాల్లో కప్ప జీర్ణవ్యవస్థ. నాలుగు గీతలు గీస్తే మనిషి నడుస్తున్నట్టే ఉండేది. అవన్నీ అన్నం బొమ్మలనేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఎవరూ అడక్కుండా వేసుకునే నూనె రంగుల బొమ్మలు వేరే ఉండేవి. వాటిని చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళు రెండోసారి పోయేవాళ్ళు కాదు.

దీనంతటికీ ఒక జర్మనీ ఆయన కారణం. విజయవాడలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఈయనకి ఒక పెద్ద బొమ్మల పుస్తకం దొరికింది. భాష జర్మనీది, అక్షరం ముక్క రాదు. కంభంలో కాలేజీ లెక్చరరు ఎవరో చూసి కొంచెం విడమరిచి చెప్పాడట. నూరేళ్ళ పైచిలుకు కిందటి మనిషి, బాగా పొట్టి, పెళ్ళి చేసుకోలేదు, రాజులూ గుర్రాలూ సిపాయిలూ ఉన్న పుస్తకాలకి బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్నాడని. ఆ గీతలు గీసిన చెయ్యే పక్కన నూనె బొమ్మలు కూడా వేసింది. ఆ పేజీలు సారు నాకు చూపించాడు. ఒకదాంట్లో ఉత్త గది. తలుపు తెరిచి ఉంది, గాలికి తెర లేచింది, కుర్చీలు రెండున్నాయి, మనిషి లేడు. ఇంకోదాంట్లో ఇనుము కాల్చే ఫ్యాక్టరీ, ఎర్రగా కాలిన ఇనుము చుట్టూ చెమటలు కారుతున్న మనుషులు, ఒక మూల కూర్చుని అన్నం తింటున్నవాళ్ళు. మరోదాంట్లో ఆ జర్మనీ ఆయన సొంత పాదం. నరాలతో సహా.

"రాజుల బొమ్మలు అన్నానికయ్యా. ఈ ఉత్త గది ఎవురడిగినారు ఆయన్ని? ఎవురూ అడగలే. అడగనిది వేసినాడు కాబట్టి అబద్ధం ఆడే పని పడలే," అన్నాడు సారు.

ఆ ఫ్యాక్టరీ బొమ్మ చూసినాకే ఈయన మన పలకల ఫ్యాక్టరీలకి పోవడం మొదలుపెట్టాడు. కోత మిషన్ల దగ్గర డబ్బా బోర్లించుకుని కూర్చునేవాడు. రాయి కోసేటప్పుడు లేచే పొడికి ఎదురుగా మనిషి కనపడడు. ఈయన ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ఆ పొడిని కూడా వేసేవాడు. దుమ్ముకి రంగేముంది సార్ అని నేనంటే, నాలుగు రంగులుండాయి, నువ్వు చూసినావా ఎప్పుడన్నా అని గయ్యిమన్నాడు. రంగుకి మొహమాటం లేదయ్యా, మనిషికే అనేది ఆయన ఊతపదం. రోజుకి ఒక్కసారన్నా ఎవరో ఒకరితో అనేవాడు.

షెడ్డులోకి నేను ఒక్కసారే పోయాను. అవిసెనూనె వాసన, ఎండకి రేకులు చిటపటమంటున్నాయి. గోడకి ఆనించి ఈయన మడమ బొమ్మ ఉంది, పగుళ్ళతో. భార్య చెయ్యి ఉంది, గాజు కోసుకుపోయిన గీతతో. దాని పక్కన ఒక నులక మంచం. మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి ఒక పక్కకి జారి ఉంది, నులక నడుమ పల్లం పడి ఉంది, అంతే. మా అమ్మ పోయినాక ఆ మధ్యాహ్నం వేసినా అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఎవురూ లేరు కదా, దేనికి భయం అన్నాడు. ఎవరూ లేనందుకే సార్ అని చెప్పి బయటికొచ్చేశాను. వెనక నుంచి ఆయన నవ్వు వినపడింది. ఎగతాళి నవ్వు కాదు, మార్కులేసే సారు నవ్వు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే నేను ఎందుకింత పిరికివాణ్ణో అర్థం కాదు. నాది ముఖాలు బాగుచేసే వృత్తి. మచ్చ తీసేస్తాను, మెడ కింద వేలాడేది సర్దుతాను, నలుపుని చామనఛాయ చేస్తాను. ఫోటో ఒక్కటీ లేకుండా పోయినవాళ్ళుంటారు. వాళ్ళని పాడె మీద తీసిన ఫోటో పట్టుకొస్తారు, కళ్ళు మూసుకుని ఉంటాయి. నేను కళ్ళు తెరిపిస్తాను. ఆ కళ్ళు ఎక్కడివంటే నావే. కూర్చుని పది రకాలుగా నా కళ్ళు నేనే తీసి పెట్టుకున్నాను. ఈ చుట్టుపక్కల ఎన్ని గోడల మీద నుంచి నేను చూస్తున్నానో లెక్కలేదు. అందుకే నేను ఎవరింటికీ భోజనానికి పోను. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. సారు ఒకరోజు వచ్చి, తర్లుపాడు రోడ్డులో ఒక ముసలాయన గోడ మీద నుంచి నన్ను చూసినాడయ్యా, చూపు మాత్రం నీది అన్నాడు. ఎవరికీ చెప్పొద్దు సార్ అని బతిమాలుకున్నాను. చెప్పలేదు కూడా, అది ఆయన పెద్దరికం.

ఇక గాలెయ్య మామ గొడవ. అది ఊరంతా ఎరిగిందే.

సారు ఒకరోజు గోనెపట్టాలో చుట్టిన బొమ్మ తెచ్చి, ఫ్రేము కట్టు అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. విప్పి చూశాను. ఎవరో పలకలు కోసే ఆయన, అప్పటికి నాకు పరిచయం లేదు. యాభై ఏళ్ళుంటాయి. మెడ ఎముకల మధ్య గుంట, అందులో నీడ. పెదాలు నీలంగా, బూడిద కలిపినట్టు ఉన్నాయి. కళ్ళు మనల్ని చూస్తున్నట్టే ఉంటాయి కానీ గాలి కోసం చూస్తున్నాయి. ఒక్క నిమిషం కంటే ఎక్కువ చూడలేకపోయాను. పాపం ఎప్పుడు పోయాడో అనుకున్నాను.

మా పక్క బతికున్న మనిషికి ఇంత పెద్ద పటం ఎవరు కట్టిస్తారు? కట్టించరు. పటం కట్టారంటే ఆ మనిషి లేడని. అడగాల్సిన పనే లేదనుకున్నాను. అద్దం వేసి, అద్దం మీద నుదుటి దగ్గర బొట్టు పెట్టి, గంధపు చెక్క దండ తగిలించి, కింద జననం, మరణం అని రెండు మాటలు అంటించి, తారీఖులకి ఖాళీ వదిలి, సారు వస్తే కనపడుతుందని అంగడి ముందర ఆనించి పెట్టాను.

మరుసటి రోజు గాలెయ్య మామ, ఆయన భార్య సంతకి పోతూ ఆ దారిన వచ్చారు. ముందు భార్య చూసింది. చూసి రోడ్డు మీదే కూలబడింది, రెండు చేతులతో తాళి గట్టిగా పట్టుకుంది. గాలెయ్య మామ పటం ముందు వంగి, తన ముఖాన్ని తనే పరీక్షగా చూసుకున్నాడు. కింద రాసింది కూడబలుక్కుని చదివాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"అల్లుడా, నేనెప్పుడు పోయినా?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈలోపు జనం మూగారు. ఎవరో పోయి సారుని పిలుచుకొచ్చారు. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. నా వంక చూడలేదు. బొట్టు బొటనవేలితో తుడిచాడు, దండ తీసి నా చేతిలో పెట్టాడు, గాలెయ్య మామ గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పాడు.

"వారం రోజులు నిన్ను చూసినా. పెదాలకి ఎరుపు కలపాలని చూసినా, ఎరుపు లేదు. నీలమే ఉంది. నీలం ఉంది కాబట్టి నీలం వేసినా. ఈ పొడి మానెయ్. రేపే ఒంగోలు పో, ఛాతీ చూపించుకో," అన్నాడు.

అంతమందిలో, నిలబెట్టి, అట్లా చెప్పేశాడు. గాలెయ్య మామ ఏడ్చాడు. భార్య మాత్రం మరునాడు పొద్దున మొదటి బస్సుకే ఆయన్ని లాక్కుపోయింది. డాక్టరు మాటకంటే దండ పడిన పటం ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఊపిరితిత్తుల్లో పొడి పేరుకుందని, ఇంకో ఏడాది ఆ పని చేస్తే చేతులెత్తేయాల్సిందేనని చెప్పారట. కోత మానేశాడు. ఇప్పుడు పది మేకలు కాసుకుంటున్నాడు. రెండు వీధులు నడిస్తే ఆయాసం, పేరుకే గాలెయ్య, లోపలికి గాలి పోవడమే కష్టం. కానీ ఉన్నాడు. ఆయనతో పాటు ఆ ఫ్యాక్టరీలో రాయి కోసినవాళ్ళు ఇద్దరు ఇప్పుడు లేరు.

ఇంత జరిగినాక ఊరు ఏమనాలి? సారు పుణ్యమా అని బతికాడనాలి. మా ఊరు అట్లా అనలేదు. సారు నూనె రంగుల్లో బొమ్మ దించితే మనిషి పోతాడు, గాలెయ్య భార్య నోములు గట్టివి కాబట్టి తప్పించుకున్నాడు అంది. సారు వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఎవరి మాటో ఎందుకు, నేనే నమ్మాను. చదువుకున్నవాణ్ణి, కెమెరా పట్టినవాణ్ణి, నమ్మాను. పైకి మూఢనమ్మకం అని తిట్టేవాణ్ణి, ఆయన స్కూటర్ చప్పుడు వినపడితే ప్రింటర్ గదిలోకి పోయి తలుపేసుకునేవాణ్ణి.

ఎందుకంటే ఆయన నన్ను దించుతానన్నాడు. ఒకరోజు ఏమరుపాటుగా ఉంటే నా గడ్డం దొరికిపోయింది. కిటికీ వైపు తిప్పాడు, చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు. చెవి కిందికుందనలేదు, ముక్కు వంకరనలేదు. వచ్చి నాలుగు రోజులు కూర్చో అన్నాడు. ఏం కనపడింది సార్ అంటే, కూర్చుంటే కదా తెలిసేది అన్నాడు. అప్పటినుంచి ఏడేళ్ళు తప్పించుకు తిరిగాను. పెళ్ళిళ్ళ సీజన్ అన్నాను, నడుము నొప్పి అన్నాను, మూఢం అన్నాను. మూఢంలో బొమ్మకి కూర్చోకూడదని ఏ శాస్త్రంలో ఉందయ్యా అంటే, మా ఇంట్లో ఉందన్నాను. ఏడాదికి రెండుసార్లు గుట్టుగా రక్త పరీక్ష చేయించుకునేవాణ్ణి. అన్నీ సరిగానే ఉన్నాయని వచ్చేది. అయినా ఆయన ఏం చూశాడో అనే భయం పోయేది కాదు.

మొన్న ఎండాకాలం. పదకొండు గంటలవేళ. ఈసారి స్కూటర్ లేదు, నడిచి వచ్చాడు. అందుకే దాక్కోవడానికి కుదరలేదు. వచ్చి నా గడ్డం పట్టుకోలేదు. బ్యాక్‌గ్రౌండ్ తెర ముందు స్టూలు మీద ఆయనే పోయి కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ స్టూలు ఎక్కడం అదే మొదటిసారి.

లోకమంతా పచ్చగా కనపడుతోందయ్యా అన్నాడు. నేను లైటు సరిచేస్తూ, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు, చూసుకోండి సార్ అని నవ్వాను. అందరూ ఆడే సామెతే కదా. ఆయన నవ్వలేదు.

"నాకు శుక్లాలు. ముదరలేదని ఆపరేషన్ చెయ్యలే. సున్నం గోడా పచ్చగానే ఉంది, అన్నమూ పచ్చగానే ఉంది. అద్దంలో నేనూ పచ్చగా ఉన్నా. ఆ పచ్చ నా చూపుదో, నాదో తెలియడంలే. నీ డబ్బాకి శుక్లాలు లేవు కదా. తీసి, చూసి చెప్పు. దిద్దొద్దు."

తీశాను. స్టూలు అంచు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. లెన్సులోంచి చూస్తుంటే నెమ్మదిగా అన్నాడు, గోడతో చెప్పినట్టు.

"భయమేస్తందయ్యా."

కంప్యూటర్లో వేసి ముఖం పెద్దది చేశాను. తెల్లగుడ్డు రెండు కళ్ళలోనూ పసుపు నీళ్ళు పోసినట్టుంది. అనుమానం పడాల్సిన అవసరమే లేదు. చంటిపిల్లాడు చూసినా చెప్పేస్తాడు. నేను ఒకసారి తెర మీద కళ్ళని చూశాను, ఒకసారి స్టూలు మీద మనిషిని చూశాను. గాలెయ్య మామని ఎండలో నిలబెట్టి ఈయన ఎట్లా చెప్పాడో గుర్తొచ్చింది. నేనూ అట్లాగే చెప్పాలి. పచ్చగా ఉన్నాయి సార్, పదండి, నా బండి మీదే ఆస్పత్రికి పోదాం అనాలి. ఆ మాటలు వరసగా నోట్లో ఉన్నాయి కూడా.

"తెల్లగుండాయా?" అన్నాడు.

"తెల్లగానే ఉన్నాయి సార్. శుక్లాలే, ఇంకేం లేదు," అన్నాను.

ఆయన భుజాలు కిందికి దిగాయి. ఆ భుజాలు దిగడం చూసినాక ఇక నిజం చెప్పడం నా తరం కాలేదు. ప్రింటు తియ్యి, మా ఆమెకి చూపించాలి అన్నాడు. పచ్చగా ప్రింటు తీస్తే ఎట్లా? చెప్పిన అబద్ధానికి ఫోటో సరిపోవాలి కదా. నాలుగు క్లిక్కులు, కళ్ళు తెల్లబడ్డాయి. నాకది అన్నం తిన్నంత అలవాటైన పని. ఆయన ఫోటోని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, నాకు ఇదీ పచ్చగానే ఉందిలే, నీ మాటే నమ్ముతా అని జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

ఎందుకు చెప్పలేదురా అని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. చావు కబురు చల్లగా చెప్పడానికి కూడా గుండె కావాలి. ఇంట్లోవాళ్ళు చూడకపోతారా, కంటి డాక్టరు చూడకపోతాడా, నా నోటితో ఎందుకు అనుకున్నాను. ఇంట్లోవాళ్ళు చూశారనీ, నా ఫోటో వాళ్ళ నోరు మూయించిందనీ నాకు మంగళవారం దాకా తెలియదు.

గురువారం దిద్దిన ఫోటో పెద్దది చేసి ప్రింటు పెట్టబోతుంటే గాలెయ్య మామ వచ్చాడు. సారు పటం నేనే మోసుకుపోతా అల్లుడా, శనివారం వస్తా అన్నాడు. ఊపిరి కోసం మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. ఈల వేసినట్టు వస్తోంది ఊపిరి. సారు ఆ దినం మొగమాటపడి ఉంటే నాకు పదకొండో రోజు ఎప్పుడో అయిపోయేది అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేను తెర మీద తెల్లకళ్ళని మూసేసి, రెండో ఫోటో తెరిచాను. ప్రింటు పెట్టేటప్పుడు రెండుసార్లు తప్పు మీట నొక్కాను.

శనివారం నాలుగింటికి సారు భార్య, గాలెయ్య మామ ఇద్దరూ వచ్చారు. పటాన్ని గోడ వైపు తిప్పి పెట్టుకున్నాను. తిప్పి ఆవిడకి ఎదురుగా నిలబెట్టి పక్కకి జరిగాను. అక్క చూసింది. చూస్తూ ఉంది. గాలెయ్య మామ మాత్రం ఒక్క చూపు చూసి తల దించుకున్నాడు.

ఇది వేరే ఫోటోనా అని అడిగింది. అదే అక్కా అన్నాను. మరి కళ్ళు అంది. అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు, ఒక్కటి దిద్దలేదు. చెబుతున్నంతసేపూ ఆవిడ చెప్పు తీస్తుందేమో, రోడ్డు మీదికి లాగుతుందేమో అని భయం వేసింది. లాగితే లాగనీ అనుకున్నాను.

"అయితే నేను చూసింది నిజమే," అంది.

అని బల్ల మీద కూర్చుంది. ఆ ఎండాకాలంలో ఒకరోజు పొద్దున పెరట్లో ఎండలో ఆయన కళ్ళు చూసిందట. పచ్చగా ఉండాయేందని అడిగితే, రంగు కళ్ళల్లో పడిందని ఆయన కసిరాడట. మూడు రోజులు ఇద్దరికీ అదే కొట్లాట. చివరికి నా ఫోటో తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, చూడు, నీ కళ్ళకే ఏదో వచ్చింది అన్నాడట. ఆవిడ నిజమేననుకుందట. పోయి తన కళ్ళు పరీక్ష చేయించుకుని, అద్దాలు మార్పించుకుందట. ఆ అద్దాలే ఇప్పుడు పెట్టుకుని ఉంది.

వాటిని తీసి కొంగుతో తుడిచింది. తరవాత నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆయన నిన్ను అడిగినాడా? లేక నువ్వే చూసి ఊరుకున్నావా?"

"అడిగినాడక్కా. తెల్లగుండాయా అని అడిగినాడు. భయమేస్తందన్నాడు."

ఆవిడ తల ఎత్తింది. అంతసేపూ లేని నీళ్ళు అప్పుడొచ్చాయి.

"ఆ మాట అన్నాడా, ఆయన నోటితో? ముప్పైరెండేళ్ళు కాపరం చేసినా తమ్ముడా. వాళ్ళమ్మ పోయినప్పుడూ అనలే, ఆస్పత్రిలో చివరి దినమూ అనలే. నాతో ఒక్కసారీ అనలే. నీతో అన్నాడు."

తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. లేచి పటాన్ని గాలెయ్య మామకి ఎత్తిచ్చి, ఇదే పెడదాం పద అంది. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగి, ఆయన ఆయాసానికి ఆగుతూ, సందు దాకా నడిచిపోయారు. ఊరందరి ముఖాలు చదివినవాడు, తన భయం చెప్పుకోవడానికి ఏరి ఏరి నా దగ్గరికి వచ్చాడు. భయమంటే నాకు తెలుసు, నాకు చెబితే అర్థమవుతుందనుకుని ఉంటాడు. నేను దాన్ని కూడా తుడిచేశాను.